ఒక్క బుగ్గకే వచ్చిన ఒళ్ళు

నాకు లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం వేసేది మా అమ్మాయి బుద్ధిగా ఉన్నప్పుడు. దొంగలన్నా ఉరుములన్నా నాకు అంత భయం లేదు. ఐదేళ్ళ పిల్ల చెప్పినదానికల్లా తలూపి, పెట్టింది మింగి, ఒక మూల చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తుకొస్తాను. ఈ భయానికి కారణం నా చదువు తక్కువ కావడమేనని మా ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా మా నాన్నకి ఒంట్లో బాగోలేక నన్ను బడి మాన్పించారు. ధైర్యం గురించిన పాఠం మిగతా సగంలో ఉండి ఉంటుంది.

మా ఇల్లు చాలా పద్ధతైన ఇల్లు. మా మామగారు ఒక పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గాని ఆయన ఆఫీసుని వదల్లేదు. ఇంట్లో కర్టెన్లు ఉతకాలన్నా ముందు సమావేశం, తర్వాత తీర్మానం, ఆ తర్వాత నేను ఉతకడం. మా అత్తగారిది ప్రేమ శాఖ. ఆ శాఖ పంచదారతో నడుస్తుంది. మా ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎత్తయిన మేడలన్నిటికీ తిరిగి, లిఫ్టులు చెడిపోకముందే నూనె పోసి, బోల్టులు బిగించి, అరిగిన తీగలు మార్చి వస్తారు. చెడిపోయాక బాగుచెయ్యడం చేతకానివాళ్ళ పని అని ఆయన అభిప్రాయం. ఇంట్లో కొళాయి మాత్రం పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చేదాకా ఆయన దాన్ని ముట్టుకోరు.

దంత సంరక్షణలో మా కుటుంబం ఎవరికీ తీసిపోదు. పొద్దున్నే మామగారు పళ్ళు తోముకుంటుంటే కింద రెండు అంతస్తులవాళ్ళు నిద్ర లేస్తారు. బ్రష్షు పని ఒక్క నిమిషమే గాని, ఆ తర్వాత గొంతులోంచి వచ్చే శబ్దాల కార్యక్రమం చాలాసేపు సాగుతుంది. శబ్దం ఎంత పెద్దదైతే శుభ్రత అంత లోతుగా జరిగినట్టు లెక్క. అది ముగిశాక, అలసట తీరడానికి, నాలుగు చెంచాల పంచదార వేసిన టీ తాగుతారు.

రాత్రిపూట తోముకోవడం మాత్రం మా ఇంట్లో లేదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒకసారి పడుకోబోయే ముందు బ్రష్షు పట్టుకున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి, వంటలో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగారు. తనే వండారు మరి. నేను బ్రష్షు పెట్టేశాను. నోట్లో మిగిలిన రుచిని రాత్రికి రాత్రే కడిగేసుకోవడం వండినవాళ్ళని అవమానించడమేనని ఆ రోజు అర్థమైంది.

పిల్ల విషయంలో ఇంకా శ్రద్ధ తీసుకున్నారు. టూత్‌పేస్టు పిల్ల మింగేస్తుందేమోనని అత్తగారు ట్యూబుని బీరువా మీద పెట్టారు. అందువల్ల మా అమ్మాయి చాలాకాలం ఉత్త నీళ్ళతోనే తోముకుంది. దాని బ్రష్షు కుచ్చు అటొకటి ఇటొకటి విచ్చుకుని, ఎవరో తొక్కిన పువ్వులా ఉండేది. కొత్తది కొందామంటే, ఇంకా విరగలేదు కదా అన్నారు. అయినా ఆ బ్రష్షు నోట్లో పెట్టుకున్నందుకు మెచ్చుకుని పిల్లకి రోజూ ఒక చాక్లెట్ ఇచ్చేవారు. ఏడిస్తే ఊరుకోబెట్టడానికి ఒకటి. ఏడవకపోతే, ఏడవనందుకు ఒకటి. పడుకునేటప్పుడు పంచదార పాల సీసా నోట్లో పెడితే, అది చప్పరిస్తూ చప్పరిస్తూ నిద్రపోయేది. పాలు పళ్ళకి బలమని అందరికీ తెలుసు. ఆ బలం రాత్రంతా పళ్ళని అంటిపెట్టుకుని ఉండాలనే అత్తగారి తాపత్రయమంతా.

ముందు పై పళ్ళ అంచుల్లో సుద్దముక్క గీసినట్టు తెల్లటి గీతలు కనిపించాయి. తర్వాత అవి టీ రంగుకి తిరిగాయి. వెనక దవడ పన్నులో ఒక చుక్క పడి, చుక్క గుంట అయింది. నేను విషయాన్ని అత్తగారి చెవిన వేశాను, ఆవిడ మామగారి ముందు పెట్టారు. భోజనాల బల్ల దగ్గర సమావేశం జరిగింది.

"పాల పళ్ళు తాత్కాలిక సిబ్బంది" అన్నారు మామగారు, కళ్ళజోడు తీసి తుడుస్తూ. "ఇవాళ ఉంటాయి, రేపు ఊడతాయి. తాత్కాలిక సిబ్బందికి వైద్య సౌకర్యం ఇచ్చిన ఆఫీసు నేను చూడలేదమ్మా. పర్మినెంటువి రానీ. అప్పుడు శాశ్వత ప్రాతిపదిక మీద ఆలోచిద్దాం."

మా ఆయన తలూపారు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గాని, మజ్జిగ ఎక్కడుందని అడిగారు.

ఇక్కడ మా అమ్మాయి గురించి చెప్పాలి. దానికి ఇంట్లో అందరూ పెట్టిన పేరు రేడియో. నిద్ర లేచిన దగ్గర్నుంచి వాగుతూనే ఉండేది. మెట్ల మీద పిల్లితో, బకెట్టుతో, గోడతో, ఎవరూ దొరక్కపోతే తన కాలి బొటనవేలితో మాట్లాడేది. నోరంతా తెరిచి నవ్వేది. ఆడపిల్ల అంత నోరు తెరిస్తే ఎలాగని అత్తగారు, గంటకోసారి వార్తలు చదవకపోతే కొంప మునగదని మామగారు విసుక్కునేవారు.

అలాంటి రేడియో నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టింది. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముద్ద ఒక పక్కకే తోసుకుని, నమలకుండా నీళ్ళతో మింగేది. చల్లనివి ఇస్తే వద్దనేది. అడిగినదానికి తలతోనే అవునూ కాదూ చెప్పేది. చివరికి చేతులు కట్టుకుని గోడవారగా కూర్చోవడం నేర్చుకుంది.

ఇంటిల్లిపాదీ పొంగిపోయారు. తమ పెంపకం ఇన్నాళ్ళకి ఫలించిందన్నారు అత్తగారు. మామగారు బల్ల దగ్గర లేచి నిలబడి ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చారు. మౌనం మేధావుల లక్షణమనీ, ఈ పిల్లలో తన పోలికలు ఆలస్యంగానైనా బయటపడ్డాయనీ, ఇక ఈమెను రేడియో అనరాదనీ, బంగారు తల్లి అనవలెననీ ప్రకటించారు. ఉపన్యాసం మొత్తం బంగారు తల్లి పెదవి కదపకుండా విన్నది. అందుకు ఒక చాక్లెట్ ఇచ్చారు. అది దాన్ని నోట్లో పెట్టుకోకుండా గుప్పిట్లో దాచుకుంది. ఎంత నిగ్రహం, అన్నారు.

చాక్లెట్ తినని పిల్లని నేను అంతకు ముందు చూడలేదు. ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపిద్దామని మా ఆయనతో అంటే, వాగినప్పుడు వాగుతోందని బాధ, ఊరుకుంటే ఊరుకుందని బాధ, నీకు బాధపడడానికి ఏదో ఒకటి కావాలి అన్నారు. బడివాళ్ళే పళ్ళ పరీక్ష చేయిస్తున్నారు కదా, ఇంకెందుకని కూడా అన్నారు.

అది నిజమే. బళ్ళో దంత సంరక్షణ దినోత్సవం జరిపారు. వేదిక మీద దుంగంత బ్రష్షు, దిండంత పన్ను పెట్టారు. ముఖ్య అతిథిగా ఊళ్ళోకెల్లా పెద్ద చాక్లెట్ల వ్యాపారిని పిలిచారు. కార్యక్రమానికి కుర్చీలు, పందిరి, మైకు అన్నీ ఆయనే ఇప్పించారు మరి.

"చిన్నారుల చిరునవ్వే మన సంపద" అన్నారాయన. "పంచదార తింటే పళ్ళు పాడవుతాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. నన్ను చూడండి. ముప్పై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. నా పళ్ళకి ఏమైంది?" అని నోరంతా తెరిచి చూపించారు. ఆ కట్టుడుపళ్ళు నిజంగానే చాలా బాగున్నాయి.

తర్వాత పరీక్ష. పిల్లలు వరసలో వచ్చి నోరు తెరుస్తుంటే ఒక డాక్టరు టార్చి వేసి చూస్తున్నాడు, పక్కనున్న టీచరు రాసుకుంటోంది. మా అమ్మాయి వంతు వచ్చింది. నోరు తెరవమంటే తెరవలేదు. టీచరు డాక్టరుతో, ఈ పాప మా క్లాసులో చాలా మంచిపిల్లండీ, అసలు నోరు విప్పదు, అని గర్వంగా చెప్పింది. అంత మంచిపిల్లని బలవంతం చెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. వెనక వరస కూడా పొడుగ్గా ఉంది. పళ్ళు బాగున్నాయని రాసి పంపేశారు. నోరు తెరిచిన పిల్లల్లో సగం మందికి పిప్పిపళ్ళు బయటపడ్డాయి. దీన్ని బట్టి నోరు తెరవడమే జబ్బుకి మూలమని ఎవరైనా అనుకుంటే వాళ్ళ తప్పేం లేదు.

ఆ సాయంత్రమే, క్లాసులో అందరికంటే నిశ్శబ్దంగా ఉన్నందుకు మా అమ్మాయికి క్రమశిక్షణ పతకం ఇచ్చారు. దాంతోపాటు ముఖ్య అతిథిగారి చేతుల మీదుగా ఒక పెద్ద చాక్లెట్ల డబ్బా. ఫోటోకి నవ్వమన్నారు. అది పెదవులు బిగించి నిలబడింది. హుందాగా ఉందన్నారు అందరూ.

పతకం వచ్చిన కొన్నాళ్ళకే ఇంకో శుభం జరిగింది. పిల్లకి ఒళ్ళు వచ్చింది.

ముందు గమనించింది అత్తగారే. పొద్దున్నే జడ వేస్తూ, "బుగ్గ చూడవే, ఎంత నిండుగా వచ్చిందో" అన్నారు. వచ్చినమాట నిజమే. కుడి బుగ్గ ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ఎడమ బుగ్గ మాత్రం ఎప్పటిలాగే పీక్కుపోయి ఉంది. ఒక్క బుగ్గకే ఒళ్ళు ఎలా వస్తుంది అత్తయ్యా, అన్నాను.

"అన్నీ ఒకేసారి వస్తాయేంటే? రెండోది కూడా నెమ్మదిగా అదే వస్తుంది. నీకు అన్నిటికీ కంగారే" అన్నారు ఆవిడ. రెండోది త్వరగా రావాలని ఆ రోజు నుంచి పాలల్లో ఇంకో చెంచా పంచదార పెంచారు. పక్కింటావిడని పిలిచి బుగ్గ చూపించారు. ఆవిడ మెటికలు విరిచి, తన మనవడికి కూడా ఏం పెడితే ఇలా అవుతుందో చెప్పమని అడిగి వెళ్ళింది.

మర్నాటికి వాపు కంటి కిందకి ఎక్కింది. కుడి కన్ను సగమే తెరుచుకుంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల పాలు తోసేసింది, నీళ్ళు తోసేసింది, నా చీర కొంగు నోట్లో పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. ఏడవలేదు. ఏమైందే అంటే తల అడ్డంగా ఊపింది. నోరు తెరిపించబోతే నా వేళ్ళు పట్టుకుని ఆపింది. మామగారు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం అనేది శరీరం ఎదుగుతోందనడానికి సూచన అని తేల్చి, పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చారు. పానాల సంచి ఇంకా భుజానే ఉంది. ఫోనులో ఏదో మేడ సెక్రటరీ మీద కేకలేస్తున్నారు. "తీగలో ఒక్క పోగు తెగినా సరే లిఫ్టు ఆపెయ్యాలండీ. ఇంకా నడుస్తోంది కదా అంటే కుదరదు. పడ్డాక నన్ను పిలిచి ఏం లాభం?" అని గట్టిగా చెప్పి పెట్టేశారు. నేను పిల్లని భుజాన వేసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"పోగు తెగితే మీరు లిఫ్టుకి బోర్డు కడతారు కదండీ. దీనికి ఎక్కడ కట్టమంటారు?"

ఆయన పిల్ల మొహంలోకి చూశారు. తర్వాత, "లిఫ్టు సంగతి వేరు. అందులో మనుషులు ఎక్కుతారు" అన్నారు.

ఇంత సాంకేతికమైన జవాబు విన్నాక చెప్పులు వేసుకుని బయల్దేరాను. సమావేశం జరగకుండా, తీర్మానం లేకుండా ఆ ఇంట్లోంచి ఒక మనిషి బయటికి వెళ్ళడం అదే మొదలు. ఎక్కడికమ్మా అని మామగారు పేపరు వెనకనుంచి రెండుసార్లు అడిగారు. మా మేడ లిఫ్టు చెడిపోయి ఉంది, మా ఆయన తాళ్ళతో కట్టిన బోర్డే దాని మీద వేలాడుతోంది. పిల్లని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే దాని ఊపిరి నా మెడకి వేడిగా తగిలింది. ఏదో కుళ్ళిన వాసన. కింద గేటు దగ్గరకి వచ్చేసరికి వెనక బండి చప్పుడైంది. మా ఆయన పిల్లని ముందు కూర్చోబెట్టుకున్నారు.

పళ్ళ డాక్టరమ్మ గది చిన్నది. వాలు కుర్చీ, దాని మీద పెద్ద దీపం, పక్కన సన్నగా నీళ్ళు కారే గిన్నె. ఆవిడ పిల్ల చెంపకి చెయ్యి ఆనించి, పై పెదవి మెల్లగా ఎత్తి, దీపం దగ్గరకి లాగింది. తర్వాత నవ్వడం మానేసింది.

"దవడ పన్ను పూర్తిగా పుచ్చి లోపల చీము పట్టిందమ్మా. అది కంటి వైపు పాకుతోంది. ఇవాళ తెచ్చారు కాబట్టి ఈ కుర్చీలో చూస్తున్నాను. ఇంకా ఆగుంటే పెద్దాసుపత్రి మంచం మీద చూసేవాళ్ళు" అంది. తర్వాత పిల్ల వైపు తిరిగి, ఎప్పట్నుంచి తల్లీ నొప్పి, అని అడిగింది.

పిల్ల డాక్టరమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసి, "చెప్పచ్చా?" అంది.

చాలా రోజుల తర్వాత దాని గొంతు విన్నాను. చెప్పమన్నాను.

"ఏడిస్తే బంగారు తల్లి కాదన్నాడు తాతయ్య. అందుకని లోపల్లోపలే ఏడ్చేశాను."

మా ఆయన ఆ దీపం చెయ్యి దగ్గర ఒక మర వదులుగా ఉందని గమనించి, అటు తిరిగి, దాన్ని గోటితో బిగిస్తూ నిలబడ్డారు. ఎంతకీ బిగియలేదు.

మత్తు ఇచ్చి, చీము తీసి, పన్ను తీసేశారు. మందులు రాస్తూ డాక్టరమ్మ కొన్ని వింత సంగతులు చెప్పింది. పాల పన్ను తర్వాత రాబోయే పన్ను కోసం చోటు పట్టుకుని కూర్చుంటుందట. అది ముందే పోతే వెనకది పక్కకి ఒరిగి, వచ్చేది వంకరగా వస్తుందట. మొదటి పన్ను మొలిచిన రోజు నుంచే, రాత్రి కూడా, పెద్దవాళ్ళే తోమిపెట్టాలట. పిల్లలకి బూట్ల లేసు ముడి వెయ్యడం వచ్చేదాకా పళ్ళు తోమడం కూడా సరిగ్గా రాదట. నోట్లో పాల సీసాతో నిద్రపోనివ్వకూడదట. నేను తిరిగొచ్చి ఇవన్నీ మామగారికి విన్నవించుకున్నాను. తాత్కాలిక సిబ్బంది కుర్చీలు కాపాడితేనే పర్మినెంటు వాళ్ళకి చోటుంటుందట మామయ్యా, అన్నాను. ఆయన పేపరు మడిచి, అది విధాన నిర్ణయమనీ, తొందరపడి వ్యాఖ్యానించననీ అన్నారు.

వాపు తీసిన నాలుగు రోజులకి రేడియో మళ్ళీ మొదలైంది. నాలుగు రోజుల మాటలేం ఖర్మ, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒకేసారి వదిలింది. పిల్లికి తన పన్ను కథ చెప్పింది. బకెట్టుని నోరు తెరవమంది. నవ్వితే పక్కన ఒక ఖాళీ కనిపించేది. ఆ ఖాళీలో నాలుక పెట్టి చూపించి మరీ నవ్వేది.

ఇంట్లో విషాదం అలుముకుంది. అత్తగారు బుగ్గ పోయిందని బెంగపెట్టుకున్నారు. నిండుగా ఉన్న పిల్లని తీసుకెళ్ళి ఇలా చేసి తెచ్చానని పక్కింటావిడ దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. మామగారు సమావేశం పిలిచి, ఆ డాక్టరు పన్నుతో పాటు పిల్ల క్రమశిక్షణని కూడా వేళ్ళతో సహా పీకేసిందని అభిప్రాయపడ్డారు. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి పడుకునే ముందు పానాల సంచిలోంచి చిన్న టార్చి తీసి, పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఒక్కో పన్నూ తోముతున్నారు. బీరువా మీంచి ట్యూబు కిందకి దిగింది. అత్తగారు ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. నేను చూడనప్పుడు పిల్లకి చాక్లెట్ అందించి, పన్ను లేని వైపు పెట్టుకుని చప్పరించవే, అక్కడ పుచ్చడానికి ఏముంది, అంటుంటే విన్నాను.

బడివాళ్ళు నన్ను పిలిపించారు. మా అమ్మాయి క్లాసులో ఆపకుండా మాట్లాడుతోందట, పతకానికి కళంకం వస్తోందట. హెడ్మిస్ట్రెస్సుగారు ఎంతో బాధపడుతూ, మంచిపిల్ల ఇలా అయిపోయిందేమిటండీ, ఇంట్లో ఏమైనా సమస్యా, అని అడిగారు. సమస్య తీరిపోయిందండీ అన్నాను. పతకం వెనక్కి తీసుకుని అదే క్లాసులో ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల అంతకుముందు బెంచీలెక్కి పాటలు పాడేది. ఇప్పుడు కిటికీ పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటుందని టీచరు చెప్పింది. అలాంటి మార్పు తెచ్చినందుకు బడికి గర్వంగా ఉందట.

గేటు దగ్గర ఆ పిల్ల తల్లి కనిపించింది. మొహం వెలిగిపోతోంది. మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలైందో తెలుసా అండీ, పెట్టింది పేచీ లేకుండా మింగేస్తుంది, చాక్లెట్లు కూడా అడగడం లేదు, అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ఒక్కసారి నోరు తెరిపించి చూడండి వదినా అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ పిల్ల పతకం పోతే మా పిల్ల పళ్ళ మీద పడతారేంటండీ?" అంది. ఆ తర్వాత నన్ను చూస్తే రోడ్డుకి అటు పక్క నడుస్తోంది. టీచరుకి చెప్పాను, హెడ్మిస్ట్రెస్సుకి చెప్పాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. ధైర్యం చేసి వాళ్ళింటి గంట కూడా కొట్టాను. లోపల టీవీ చప్పుడు ఆగింది గాని తలుపు తియ్యలేదు.

ఇది చదువుతున్న మీరు కొడితే తీస్తారు. మీ మీద వాళ్ళకి కోపం లేదు. మీరు వెళ్ళి, పిల్ల బాగుందని ముందు నాలుగు మంచి మాటలు చెప్పండి, కూర్చోనిస్తారు. అందరూ పిల్లని మెచ్చుకుంటూ ఉండగా దాన్ని కాస్త వెలుతురులోకి పిలిచి, పై పెదవి ఎత్తి చూసి రండి. నొప్పి ఉందా అని మాత్రం అడక్కండి, లేదంటుంది. చెప్పచ్చని ముందు మీరే చెప్పండి. ఆ ఇల్లు ఎక్కడో తెలియదంటారేమో. వెతకడం కష్టం కాదు, ఆ ఇంట్లో అందరూ పిల్ల ఎంత బుద్ధిగా ఉందో చెప్పుకుంటూ ఉంటారు. మీ ఇంట్లో కూడా అదే మాట వినిపిస్తుంటే, బస్సెక్కే పనైనా ఉండదు, పక్క గదిలోకి వెళ్ళి ముందు ఆ పిల్లని చూసి రండి.